పదకొండు చుట్లు

ఆమె కొలతలు ఒక గుడ్డపీలిక మీద ముడులు వేసి తెచ్చింది. మొదటి ముడి మంచం కోడు దగ్గర, రెండోది గది గుమ్మం, మూడోది బాత్రూం తలుపు.

"టేపు లేదమ్మా మా ఇంట్లో. ఇది చాలుతుందా?" అంటూ వెల్డింగు షాపు ఇనప బల్ల మీద పీలిక పరిచింది.

మెరుపక్క చేతికున్న తోలు తొడుగు తీసి పీలిక కొస పట్టుకుంది. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పదిహేనేళ్ళుగా ఆ షాపులోంచి వచ్చే మెరుపులన్నీ ఆమె చేతివే.

"చాలుతుంది గానీ నేనొచ్చి ఒకసారి చూస్తే మంచిదక్కా. పట్టుకుని నడవడానికా? పెద్దవాళ్ళున్నారా ఇంట్లో?"

"పెద్దవాళ్ళు కాదు, మా ఆయనే. చూపు పోయింది." చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా చెప్పింది ఆమె. "రంగుల ఫ్యాక్టరీలో మోటారు ఆపరేటరు. నెలన్నర క్రితం పైపు జాయింటు విడిపోయి ఆ రంగు మందుల నీళ్ళన్నీ మొహం మీద పడ్డాయి. నువ్వూ వినే ఉంటావు."

మెరుపక్క పీలికను వేళ్ళకి చుట్టడం మొదలుపెట్టింది. మూడో ముడి దాకా చుట్టి, మళ్ళీ విప్పింది.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని గేటు ఊచలకి గరుకు తీస్తున్న ఆమె తండ్రి తలెత్తాడు. కళ్ళలో శుక్లాలు ముదిరాక ఆయన అతుకు పని మానేశాడు, గరుకు తీయడం మాత్రం మానలేదు. "ఎవరి తప్పమ్మా అది?" అని అడిగాడు.

"ఆయనదేనంటున్నారు. వాల్వు తెరవకుండా మోటారు వేశాడట. కాగితం కూడా ఇచ్చారు." ఆపరేటరు భార్య చేతిసంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఏమో. మనిషన్నాక ఒక్కోసారి పరధ్యానం ఉంటుంది కదా. అదే చెబుతున్నాను అడిగినవాళ్ళందరికీ."

"రేపు పొద్దున్నే వస్తాను," అంది మెరుపక్క.

ఆమె వెళ్ళిపోయాక తండ్రి, "శనివారానికి గేటు ఇవ్వాలి, మర్చిపోయావా?" అన్నాడు.

"ముందు ఇది చేస్తాను నాన్నా."

పైపులు పేర్చిన మూలకి వెళ్ళి, అంగుళమున్నర పైపు ఒకటి లాగి, తుప్పు ఉందేమోనని అరచేత్తో పొడుగునా తడిమింది. ఎక్కడా తుప్పు లేదు. అయినా ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నెలన్నర క్రితం ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, ఏటి ఒడ్డున తుప్పల మాటున ఉన్న ఆ ఫ్యాక్టరీ పైపు మూతని, నీళ్ళు తోస్తే తెరుచుకునేదాన్ని, చుట్టూ అతికించేసింది ఆమే. ఎండలో వెల్డింగు వెలుగు ఎవరికీ కనపడదని మధ్యాహ్నం పెట్టుకున్నారు. జనరేటరు పడవలో ఉంది. సైన్సు మాస్టారు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్న మోటారు వేస్తే నీళ్ళు ఏట్లోకి పోలేక వెనక్కి తన్ని, ట్యాంకు పొంగి, ఫ్యాక్టరీ గేటు ముందు రోడ్డు మీదికి ఎర్రగానో నీలంగానో పారతాయనీ, అప్పుడు ఊరంతా చూస్తుందనీ మాస్టారు లెక్క కట్టాడు. ఆ లెక్కలో మోటారు గది ఉంది. మోటారు గదిలో మనిషి లేడు.

*

ఆపరేటరు ఇల్లు మేడ మీద రెండు గదులు. మెట్లు ఎక్కగానే వంటగది, దాని పక్కన పడకగది. మంచం అంచున కూర్చుని ఉన్నాడాయన. మొహం మీద చర్మం ఒకచోట తెల్లగా, ఒకచోట కమిలి ఉంది. నల్లద్దాలు పెట్టుకున్నాడు. ఇంట్లో ఉన్నా చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, డ్యూటీకి వెళ్ళేవాడిలా ఉన్నాడు.

"వెల్డింగు అమ్మాయి వచ్చింది," అంది భార్య.

"రా చెల్లెమ్మా. నీ గురించి విన్నాను. ఆడపిల్ల అతుకు పెడితే గేటు విరుగుతుంది గానీ అతుకు విరగదంటారు," అని నవ్వాడు. ఒక పక్క పెదవే కదిలింది.

మెరుపక్క టేపు లాగి గోడ కొలిచింది. మంచం నుంచి గుమ్మం దాకా ఏడున్నర అడుగులు. గుడ్డపీలిక లెక్క ఒక్క అంగుళం కూడా తప్పలేదు. ఎత్తు ఎంత పెట్టాలో తెలియడానికి ఆయన్ని నిలబడమంది. ఆయన లేచి చెయ్యి చాచాడు. ఆ మణికట్టు పట్టుకుని గోడకి ఆనించి, అక్కడ సుద్దతో గీత గీసింది. ఆయన చెయ్యి వెచ్చగా, ఆమె చేతికంటే గరుకుగా ఉంది. గీత కాస్త వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీసింది.

భార్య వంటగదిలోంచి టీ గ్లాసుతో వచ్చేసరికి ఆపరేటరు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, కనపడని చక్రమేదో పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి, ఎడమకి తిప్పుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"మొదలెట్టాడు," అని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "రోజంతా ఇదే."

"ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు." ఆయన ఆగాడు. మొహం మెరుపక్క ఉన్నవైపు తిప్పాడు. "పదకొండు చుట్లు చెల్లెమ్మా, ఆ వాల్వుకి. తొమ్మిదేళ్ళుగా రోజూ తిప్పాను. పదో చుట్టు దగ్గర కాస్త బిగుసుకుంటుంది, అక్కడ భుజం వేసి నెట్టాలి. ఆ సోమవారం కూడా నెట్టినట్టే గుర్తు. కానీ అది ఆ సోమవారమో, అంతకు ముందు సోమవారమో చెప్పలేకపోతున్నాను. ఆఫీసులో అడిగారు, నీకు ఖచ్చితంగా గుర్తుందా అని. ఖచ్చితంగా అంటే ఏం చెబుతాం? రోజూ అన్నం తింటాం, మొన్న మంగళవారం ఎన్ని ముద్దలు తిన్నావంటే ఏం చెబుతాం?"

"పోనీలెండి. అయిపోయిందేదో అయిపోయింది," అంది భార్య.

"నీకు అయిపోయింది," అన్నాడాయన మెల్లగా. "నాతో పాటు మోటారు గదిలో ఇంకొకడు ఉండి ఉంటే వాడి కళ్ళు కూడా పోయేవి. నా పరధ్యానానికి. అది తలుచుకుంటే నిద్ర పట్టదు."

మెరుపక్క టీ గ్లాసు కింద పెట్టి టేపు చుట్టింది. దొంగకి తేలు కుట్టినట్టుంది ఆమె పని. అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. "శనివారం వచ్చి బిగిస్తాను అన్నా," అని మాత్రం అంది. మెట్లు దిగుతుంటే వెనక ఆయన గొంతు వినపడింది. "ఒకటి, రెండు, మూడు."

*

ఆ రోజే మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు షాపుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. చేతిలో పేపరు చుట్టిన బరువైన మూట.

"నమస్కారం పెద్దాయనా. రంగుల ఫ్యాక్టరీ నుంచి వచ్చాను. ఈ చుట్టుపక్కల అతుకు గురించి అడిగితే అందరూ మీ పేరే చెప్పారు," అంటూ మూట బల్ల మీద పెట్టి విప్పాడు. గ్యాసుతో కోసిన ఇనప ముక్క. అరచేతికి రెండింతలు ఉంటుంది. వంపు తిరిగిన అంచు పొడుగునా చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడిన అతుకు గీత. "ఇది మా పాత ట్యాంకు మూత. ఎవరో ఎప్పుడో అతికించారు. చూడండి ఎంత బాగుందో. ఆ మనిషి దొరికితే మా దగ్గర బోలెడు పని ఉంది ఇవ్వడానికి."

మెరుపక్క గేటు మీద వంగి ఉంది. ముక్క వెనక వైపు ఎండిపోయిన ఆకుపచ్చ నాచు ఆమెకి కనపడింది. ట్యాంకు మూతకి నాచు పట్టదు. గ్రైండరు ఆపింది, కానీ స్విచ్చి మీది వేలు తీయలేదు.

తండ్రి ముక్కని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళతో చూడలేదు. కుడిచేతి బొటనవేలిని అతుకు మొదట్లో పెట్టి, నెమ్మదిగా నడిపించాడు. ఒక వెల్డింగు రాడ్డు అయిపోయి ఇంకో రాడ్డు మొదలైన చోటికి వచ్చేసరికి వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే చోటికి వచ్చింది. రాడ్డు అయిపోయేచోట అతుకులో గుంట పడుతుంది, అక్కడే తర్వాత పగులు మొదలవుతుంది. అది పడకుండా చివర్లో చేతిని అరంగుళం వెనక్కి తిప్పి వదలాలి. ఆయన తిప్పే పద్ధతి వేరు, కుడి నుంచి ఎడమకి చిన్న కొక్కెంలా.

మూడోసారి కూడా వేలు అక్కడే ఆగింది.

"ఇది మా వీధి పని కాదు బాబూ," అన్నాడు. "ఎక్కడో పెద్ద షాపులో చేయించి ఉంటారు. మిషను పని."

"చేతిపనేనని మా ఇంజినీరు అన్నాడే."

"మీ ఇంజినీరుకి కళ్ళున్నాయి. నాకు వేలుంది."

సేఫ్టీ ఆఫీసరు నవ్వి మెరుపక్క వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

"నాన్న చెప్పాక నేననేదేముంది."

అతను గోడకి ఆనించిన పైపుల వైపు చూశాడు. "ఇవెవరికి?"

"మీ మోటారు ఆపరేటరు గారింటికి. పట్టుకుని నడవడానికి."

"పాపం, మంచివాడే. కాస్త అజాగ్రత్త." ముక్కని మళ్ళీ పేపర్లో చుట్టుకున్నాడు. చుట్టేటప్పుడు తొందర పడలేదు. "ఎవరైనా గుర్తొస్తే ఫోను చేయండి," అని నంబరు రాసిచ్చి వెళ్ళాడు.

తండ్రి లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో చేతులు రుద్దుకున్నాడు, కడుక్కున్నాడు, మళ్ళీ రుద్దుకున్నాడు. వీపు ఇటు పెట్టే అడిగాడు. "చివర వెనక్కి తిప్పి వదలడం నీకెవరు నేర్పారు?"

"నువ్వే."

"నీకు కాక ఇంకెవరికైనా నేర్పానా?"

"లేదు నాన్నా."

"ఎక్కడిది అది?"

ఆమె చెప్పింది. పడవ, ఎండ, మాస్టారి లెక్క, ఎనిమిది రాడ్లు. చెప్పడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నెలన్నరగా కడుపులో మోసింది అంత చిన్నదా అనిపించింది ఆమెకి. ఆయన కుళాయి కట్టేసి, తువ్వాలు కోసం తడుముకుని, ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"ఆ పైపు ఏటికి ఏం చేస్తోందో నాకూ తెలుసు," అన్నాడు. "నువ్వు ఎందుకు చేశావో నేనడగను. కానీ అతుకు మంచిదే. అదే బాధ. కాస్త చెత్తగా పెట్టి ఉంటే ఆ మూత ఊడి ఏట్లో పడేది. ఆ మనిషి కళ్ళు మిగిలేవి."

ఆ సంగతి ఆమెకి మొదటి రోజునే తట్టింది. ఎవరూ పైకి అనకపోబట్టి ఇన్నాళ్ళూ దాన్ని ఒక మూలకి నెట్టగలిగింది.

"యాభై ఏళ్ళలో ఈ షాపులో కూర్చుని అతుకు గురించి మాత్రం అబద్ధం చెప్పలేదు. పగిలేదైతే పగులుతుందనే చెప్పాను, బేరం పోయినా సరే." ఆయన తువ్వాలు మేకుకి తగిలించాడు. అది జారి కింద పడింది. ఆయనకి తెలియలేదు. "ఇవాళ చెప్పాను."

ఆ సాయంత్రం ఆయన గరుకు తీయడానికి కూర్చోలేదు. ఆమె పెట్టిన అన్నం తిన్నాడు, కూతురు కాని మనిషి వడ్డిస్తే తిన్నట్టు, మర్యాదగా.

*

మాస్టారి ఇంట్లో కూర్చోవడానికి చోటు ఎప్పుడూ ఉండదు. కిటికీ గట్టు మీద, పుస్తకాల బీరువా మీద, మంచం కింద అన్నీ సీసాలే. ప్రతి సీసాలో ఏటి నీళ్ళు, ప్రతి సీసాకి తేదీ రాసిన చీటీ. రిటైరయ్యాక ఆరేళ్ళుగా ఆయన వారానికొక సీసా పట్టాడు. ఆరేళ్ళుగా అర్జీలు పెట్టాడు. ‘పరిశీలనలో ఉన్నది’ అని వచ్చిన జవాబులన్నీ ఒక ఫైలు అయ్యాయి.

శుక్రవారం మెరుపక్క వెళ్ళేసరికి ఆయన కాగితం మీద ఫ్యాక్టరీ రెండో పైపు బొమ్మ వేస్తున్నాడు.

"ఆదివారం కుదురుతుందా? ఇది ఇంకా కిందికి ఉంది, ఆకురాయి బండ దగ్గర. ఈసారి ముందుగా ఆ మోటారు గది ఖాళీయో కాదో చూసుకుందాం."

"ఆయన చక్రం తిప్పుతున్నాడు మాస్టారూ."

"ఎవరు?"

"ఆపరేటరు. మంచం మీద కూర్చుని, ఉత్త చేతుల్తో. పదకొండు చుట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. వాల్వు తెరిచానో లేదో తెలియక. తప్పు తనదేననుకుంటున్నాడు."

మాస్టారు పెన్సిలు కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచి పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. ఆ నెలన్నరలో ఆయన బుగ్గలు లోపలికి పోయాయి. "నేను ఆసుపత్రికి వెళ్ళాను," అన్నాడు. "వార్డు గుమ్మం దాకా. లోపలికి వెళ్ళలేకపోయాను."

"నేను చెప్పేస్తాను."

"ఎవరికి?"

"ముందు ఆయనకి. తర్వాత ఎక్కడ చెప్పాలో అక్కడ."

"చెబితే ఏమవుతుందో ఆలోచించు అమ్మాయీ. అలాంటి పైపే లేదంటారు వాళ్ళు. దొంగతనంగా వేసిన పైపు అది. మన మీద కేసు పెడతారు. రేపట్నుంచి ఏటి గురించి ఎవరూ మాట్లాడరు, మన గురించే మాట్లాడతారు. ఈ సీసాలన్నీ..." ఆయన చుట్టూ చూశాడు. "ఆ దిగువన ఎంతమంది ఆ నీళ్ళు తాగుతున్నారో నీకు తెలియదా? వాళ్ళు ఎక్కువా, ఆ ఒక్కడు ఎక్కువా?"

"ఆ లెక్క నాకు రాదు. మీరే వేశారు, మీకే తప్పింది."

ఆయనకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. లేచి, వేసిన బొమ్మని నాలుగు మడతలు పెట్టి, చించకుండా పుస్తకంలో పెట్టాడు.

"పడవాయన పేరు చెప్పకు. పిల్లలున్నవాడు," అన్నాడు. తలుపు దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి ఆగాడు. "నా పేరు చెప్పొద్దని నేననను."

*

శనివారం గోడకి రంధ్రాలు వేస్తుంటే సిమెంటు పొడి పడకగది నిండా లేచింది. ఆపరేటరు బయటికి వెళ్ళనన్నాడు. పైపు రెండో కొస తను పట్టుకుంటానని పట్టు పట్టాడు. ఆయన పట్టు గట్టిది. ఆమె ఈ చివర బోల్టు దూర్చి బిగిస్తుంటే ఆ చివర వెంట్రుకవాసి కూడా కదలలేదు.

"లెవెలుందా?"

"ఉందన్నా. కాస్త మీవైపు ఎత్తండి. చాలు."

మంచం నుంచి గుమ్మం దాకా అయింది. గుమ్మం నుంచి బాత్రూం దాకా మొదలుపెట్టారు. వంటగదిలో భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు. ఆపరేటరు బిగించిన పైపు మీద చెయ్యి వేసి అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. మూలమలుపు దగ్గర అతుకుని వేలితో తడిమి, "నున్నగా ఉంది," అన్నాడు. తర్వాత అక్కడే నిలబడి, "ఒక మాట అడుగుతాను చెల్లెమ్మా. నువ్వూ చేతిపని మనిషివి. రోజూ చేసే పని చెయ్యి మర్చిపోతుందా?" అన్నాడు.

ఆమె చేతిలో స్పానరు ఉంది. సగం బిగిసిన బోల్టు మీద దాన్ని అలాగే ఉంచి, "మర్చిపోదు," అంది.

"మరైతే ఆ జాయింటు ఎందుకు విడిపోయింది?"

"మూత తెరుచుకోలేదన్నా. ఏటి ఒడ్డు మూత. నేను అతికించేశాను."

ఆయన తల కాస్త పక్కకి వంచాడు, సరిగ్గా వినపడనట్టు.

"ముందు రోజు. ఆదివారం మధ్యాహ్నం," అంది ఆమె. "నీళ్ళు వెనక్కి తన్ని రోడ్డు మీదికి వస్తాయనుకున్నాం. మోటారు గదిలో ఇలా అవుతుందనుకోలేదు. అనుకోవలసింది."

"నేను సోమవారం పొద్దున వెళ్ళి మూత చూశాను."

"చూసే ఉంటారు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. మామూలుగా మూసుకున్నట్టే ఉంటుంది."

"చుట్టూ అతికించావా?"

"చుట్టూ. ఎనిమిది రాడ్లు పట్టాయి."

ఆపరేటరు గోడ పట్టుకుని బాత్రూం గడప మీద కూర్చున్నాడు. కొడతాడనుకుంది, తిడతాడనుకుంది. దేనికైనా సిద్ధపడే వచ్చింది. ఆయన రెండు చేతులూ ముందుకి చాచాడు. వేళ్ళు ముడిచాడు. తిప్పలేదు.

"అయితే నేను వాల్వు తెరిచాను."

"తెరిచారు."

"పదకొండు చుట్లూ."

"పదకొండు చుట్లూ తిప్పే ఉంటారన్నా. మీ వల్ల ఏమీ కాలేదు."

ఆయన గొంతెత్తి భార్యని పిలిచాడు. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, గడప మీద కూర్చున్న మొగుణ్ణి చూసి కంగారు పడింది. "పడ్డారా?"

"పడలేదు. ఈమె చెప్పేది విను." మెరుపక్క వైపు మొహం తిప్పాడు. "చెప్పు. మొదట్నుంచీ చెప్పు. వాల్వు సంగతి ముందు చెప్పు."

మెరుపక్క చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆపరేటరు భార్య విన్నంతసేపూ ఆమెని చూడలేదు, భర్తనే చూసింది. అంతా విన్నాక గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"అందరితో నేనే చెప్పాను, పరధ్యానం అని," అంది. "మా అన్నయ్యతో చెప్పాను. కింద ఇంటావిడతో చెప్పాను. మీ ఎదురుగానే చెప్పాను." ఆమె చెయ్యి చాచి భర్త మోకాలు పట్టుకుంది. "మీరు ఒక్కసారి కూడా కాదనలేదేం?"

"నాకే తెలియదు కదే."

అప్పుడు ఆమె మెరుపక్క వైపు తిరిగింది. "మొన్న నీకు నా చేత్తో టీ ఇచ్చాను. కొలతకి ఆయన చెయ్యి పట్టుకున్నావు నువ్వు. ఎలా పట్టుకోగలిగావు?" గోడకి బిగించిన పైపుని చూపించింది. "ఇదంతా ఊడదీసి పట్టుకుపో. మా ఇంట్లో వద్దు."

"ఉండనీ. నడవాల్సింది నేను," అన్నాడు ఆపరేటరు.

వంటగదిలో కుళాయి సరిగ్గా కట్టలేదు. నీళ్ళు గిన్నెలో పడుతున్న చప్పుడు కాసేపు అందరూ విన్నారు.

"ఎందుకు చేశావు?" అని ఆయన అడిగాడు. చెల్లెమ్మా అనలేదు.

"ఏటి కోసం."

ఆయన నవ్వాడు. అది నవ్వో కాదో ఆ మొహం మీద చెప్పడం కష్టం. "ఆ పైపు సంగతి నాకు తెలియదనుకున్నావా? నేను చేరిన మొదటి రోజునే చెప్పారు, ఎవరైనా అడిగితే వాననీటి పైపు అనమని. తొమ్మిదేళ్ళు అలాగే అన్నాను. మండు వేసవిలో కూడా వాననీటి పైపే అన్నాను. ఒకసారి దిగువ నుంచి ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఒళ్ళంతా పొక్కులు ఆ పిల్లకి. ఆవిడతోనూ అన్నాను. ఆవిడ నమ్మింది కూడా. నా మొహం చూస్తే నమ్మాలనిపిస్తుందట." చెంప మీది కమిలిన చోట వేలితో తాకాడు. "ఇప్పుడేం చేస్తావు?"

"ఇక్కణ్ణుంచి స్టేషనుకే వెళ్తున్నాను."

"నేనూ వస్తాను."

"మీరెందుకు?" అంది భార్య.

"ఈమె వెళ్ళి మూత అతికించానంటుంది. ఏ మూత, అక్కడ పైపే లేదే అంటారు మావాళ్ళు. ఈపాటికి మట్టి కప్పి తుప్పలు నాటేసి ఉంటారు. ఎక్కడుందో చూపించేవాడొకడు కావాలి కదా."

"చూపించడానికి..." అని ఆమె ఆగిపోయింది.

"కళ్ళు లేకపోతేనేం, అడుగులు తెలుసు. మోటారు గది తలుపు నుంచి ఏటివైపు నూట నలభై. చేతులు కడుక్కుని చెప్పులేసుకో." లేచి పైపు పట్టుకున్నాడు. అది ఆ చివర కాస్త ఊగింది. "నువ్వు ఆ బోల్టు బిగించు. సగం పని వదిలేసి వెళ్తావా?"

మెరుపక్క బోల్టు బిగించింది. మిగిలిన రెండూ బిగించింది. నేల మీది సిమెంటు పొడి గుడ్డతో ఎత్తి, పనిముట్లు సంచిలో సర్దింది. మెట్ల మీద భార్య ముందు నడిచింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపరేటరు దిగాడు. నాలుగు మెట్లు వెనకగా మెరుపక్క దిగింది. ఎవరూ వెనక్కి చూడలేదు, రావద్దనీ అనలేదు.

*

స్టేషన్లో మధ్యాహ్నపు నీరసం. రాసే ఉద్యోగి ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా గోడ వెంబడి ఒక చెక్కబల్ల. ఆపరేటరూ భార్యా దాని మీద కూర్చున్నారు. మెరుపక్క నిలబడింది. దారి పొడుగునా ఆమె ఒకే వాక్యం కూర్చుకుంది: తన పేరు, తండ్రి పేరు, ఆ తేదీ, ఆ పని. ఎక్కడా తడబడకుండా ఒక్క ఊపిరిలో చెప్పేయాలనుకుంది.

"ఫిర్యాదు ఎవరిది?" అని ఉద్యోగి కాగితాలు సర్దుతూ అడిగాడు.

మెరుపక్క నోరు తెరిచింది. అంతలో ఆపరేటరు లేచాడు. భార్య చెయ్యి వదిలి, గొంతు వచ్చినవైపు రెండడుగులు వేసి, బల్ల అంచు తగలగానే ఆగాడు.

"ఫిర్యాదు కాదు సార్. చేసింది చెప్పడానికి వచ్చాం. ఇద్దరం."

ఉద్యోగి ఆ నల్లద్దాల మొహాన్నీ, పనిబట్టల్లో ఉన్న మెరుపక్కనీ మార్చి మార్చి చూశాడు. "ఈమె మీకేమవుతుంది?"

ఆపరేటరు కాసేపు ఆలోచించాడు. "ఏమీ కాదు," అన్నాడు. "నా కళ్ళు పోవడానికి కారణం ఈమె. ఆ సంగతి ఈమె చెబుతుంది. కానీ ముందు నాది రాసుకోండి."

"అలా కాదండీ. నేరం ఏమిటో, ఎవరు చేశారో ముందు చెప్పాలి. మిగతావి తర్వాత."

"అదే చెబుతున్నాను. పైపు ముందు, అతుకు తర్వాత. వరస అది. పైపు లేకపోతే ఈమె అక్కడికి వచ్చేదే కాదు." ఆయన రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాడు. "తొమ్మిదేళ్ళ క్రితం నుంచి రాయండి. ఎవరు తెరిచారన్న చోట నా పేరు రాయండి. ఎవరు తెరవమన్నారో ఆ పేర్లు కూడా చెబుతాను, ఒక్కొక్కటే."

ఉద్యోగి మెరుపక్క వైపు చూశాడు, ఏమంటావన్నట్టు. ఆమె కూర్చుకున్న వాక్యం నాలుక చివర అలాగే ఉంది. దాన్ని మింగి, "ఆయన చెప్పాకే నేను," అంది.

అతను నిట్టూర్చి, లోపలికి కేకేసి ఇన్‌స్పెక్టరుని పిలిచి, కొత్త కాగితం తీశాడు. ఆపరేటరు చెప్పడం మొదలుపెట్టాడు. ట్యాంకు ఎక్కడ, మోటారు గది ఎక్కడ, ఏ వారం ఏ రంగు, ఎన్ని గంటలు. తడుముకోవడం లేదు. ఆ పని తెలిసిన మనిషి ఆ పని గురించి చెబుతున్నట్టు చెబుతున్నాడు. కలం వెనకబడితే ఆగి, అది మళ్ళీ కదిలిన చప్పుడు విని సాగిస్తున్నాడు.

మెరుపక్కకి పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. గోడకి ఆనుకుంది.

ఆపరేటరు భార్య ఆమె వైపు చూడలేదు. భర్త వీపునే చూస్తోంది. అలా చూస్తూనే చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద కాస్త అవతలికి జరిగింది. కూర్చోమని అనలేదు. జరిగింది, అంతే.

మెరుపక్క వెళ్ళి ఆ చోట కూర్చుంది.